గొలుసు గడియారాల గురించి తిరుగుతున్న ఆ సందేశాన్ని దయచేసి ఇక ఎవరికీ పంపకండి

గత నెల రోజుల్లో ఆ సందేశం నాకు పదకొండు సార్లు వచ్చింది. బడిలో నాతో చదివినవాళ్లు పంపారు, ఆఫీసువాళ్లు పంపారు, చివరికి మా పిన్ని కూడా పంపింది. నేను పాత జేబు గడియారాలు పోగుచేస్తానని అందరికీ తెలుసు కాబట్టి, సంతోషిస్తాననుకుని పంపుతున్నారు. నాకు మాత్రం చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతోంది.

చూడనివారి కోసం సారాంశం చెబుతాను. "మీ తాతగారి గొలుసు గడియారం ఇంట్లో ఉందా? అయితే మీరు లక్షాధికారులు. గాంధీగారి గడియారం కోట్లు పలికింది. వెనక రైలింజను బొమ్మ ఉంటే రెండు లక్షలు. మద్రాసు, కలకత్తా పేరుంటే దొరల గడియారం. లోపల 20 ఏళ్ల వారంటీ అని ఉంటే అసలు బంగారం. కెంపులుంటే ఒక్కో రాయికి వేలు. ఎంత పాతదైతే అంత ధర. రేడియం వెలగకపోతే బ్లేడుతో గోకేసి కొత్తది వేయించండి. తళతళలాడేలా తోమి ఫొటో పంపండి. రిజిస్ట్రేషన్ రుసుము 2,999 మాత్రమే. ధరలు ఏటా పెరుగుతున్నాయి, త్వరపడండి."

గాంధీగారితోనే మొదలుపెడతాను. 2009 మార్చిలో న్యూయార్క్ వేలంలో ఆయన జెనిత్ కంపెనీ గడియారం అమ్ముడుపోయిన మాట నిజం. దాంతోపాటు కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెం కూడా ఉన్నాయి. అన్నీ కలిపి 18 లక్షల డాలర్లకు విజయ్ మాల్యా కొన్నారు. ఆ డబ్బు గడియారానికి ఇచ్చింది కాదు, దాన్ని నడుముకు వేలాడదీసుకుని తిరిగిన మనిషిని చూసి ఇచ్చింది. అదే కంపెనీ, అదే కాలం గడియారం మరొకటి తెస్తే మంచి వస్తువే, వేలల్లో ధర పలుకుతుంది. కోట్లు ఎక్కడినుంచి వస్తాయి?

రైలింజను బొమ్మ సంగతి మా పిన్ని ద్వారా నా ఇంటికే వచ్చింది. వాళ్ల మామగారు రైల్వేలో గార్డుగా చేశారు. ట్రంకు పెట్టె అడుగున చేతిరుమాలులో చుట్టి ఉన్న ఆయన గడియారాన్ని తీసుకుని ఉదయాన్నే వచ్చింది. అరచేతిలో పెడితే బరువుగా, చల్లగా ఉంది. వెనక మూత మీద పొగ వదులుతున్న ఇంజను. "రెండు లక్షలట కదరా" అంది. మూత తీసి చూస్తే లోపల రోస్కోఫ్ తరహా యంత్రం, దాంట్లో అరుగుదల ఆపే కెంపు రాయి ఒక్కటి కూడా లేదు.

జార్జ్ ఫ్రెడరిక్ రోస్కోఫ్ 1867లో స్విట్జర్లాండ్‌లో ఈ రకం గడియారాన్ని తెచ్చింది కూలివాడు కూడా కొనగలగాలని. ధర 20 ఫ్రాంకులు. పేరు కూడా ప్రొలెటేర్, అంటే శ్రామికుడు అనే పెట్టాడు. కెంపు రాళ్లు ఉండాల్సిన చోట ఉక్కు సూదులు పెట్టి, భాగాలు తగ్గించి ఖర్చు దించాడు. తర్వాత ఎన్నో కంపెనీలు ఆ పద్ధతిని అనుకరించి, మూత మీద ఇంజను బొమ్మ అచ్చొత్తి ప్రపంచమంతా అమ్ముకున్నాయి. అప్పట్లో రైలంటే కచ్చితమైన సమయం అన్న పేరుంది కాబట్టి ఆ బొమ్మ వేశారు. రైల్వే కంపెనీలు తమ సొంత గడియారాల మీద కంపెనీ పొడి అక్షరాలు, ఒక వరుస సంఖ్య చెక్కించేవి. చూడవలసింది వాటిని.

నిజంగా రైల్వే ప్రమాణాల గడియారమంటే ఏమిటో అమెరికా చరిత్ర చెబుతుంది. 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఒక ఇంజను డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని చెబుతారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే నగల వ్యాపారికి గడియారాల తనిఖీ అప్పగించారు. కాలక్రమంలో నియమాలు స్థిరపడ్డాయి: కనీసం 17 రాళ్లు, నిలువుగా, అడ్డంగా అయిదు భంగిమల్లో ఎలా పెట్టినా సరిగ్గా నడిచేలా సరిచేసిన యంత్రం, వారానికి 30 సెకన్లకు మించని తేడా. ఈ పరీక్షకు నిలిచిన హామిల్టన్, వాల్తమ్, ఎల్జిన్ గడియారాలకు ఈనాటికీ ధర ఉంది. మూత మీద బొమ్మ ఉంటే చాలని ఆ నియమాల్లో ఎక్కడా లేదు.

మద్రాసు, కలకత్తా పేర్ల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. డయల్ మీది పేరు చాలాసార్లు అమ్మిన దుకాణానిది. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా కుక్ అండ్ కెల్వీ అలాంటివే. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం మీద ఉన్నది ఈ రెండో పేరే. జేబు గడియారం ఎవరు తయారుచేసిందో తెలియాలంటే మూత తీసి యంత్రం చూడాలి.

బంగారం ముచ్చట తెలుగువాళ్లకు నేను చెప్పాలా? చిలకలపూడి తెలియని ఇల్లుందా మనకు? 20 ఏళ్ల వారంటీ అంటే ఇత్తడి మీద అతికిన పల్చటి బంగారు రేకు ఇరవై ఏళ్లలోపు అరిగిపోదని చేసినవాడు ఇచ్చిన హామీ. అసలు బంగారానికి అరగదన్న హామీ ఎందుకు? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే సందేశంలోని ఈ ముక్క కూలిపోతుంది. జనం మోసపోతున్నారనే అమెరికాలో 1924లో ఇలా ఏళ్ల లెక్క ముద్రించడం ఆపించారు. నిజమైన బంగారం మూతకు 14 లేదా 18 క్యారట్ల ముద్ర ఉంటుంది. స్విస్ ముద్రల్లో 14కు ఉడుత, 18కి స్త్రీ తల. ఇంకో జాగ్రత్త, బయటి మూత బంగారమైనా దుమ్ము పడకుండా లోపల ఉండే రెండో మూత ఇత్తడిది అయ్యే అవకాశం బాగా ఉంది.

కెంపులంటారా, అవి ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు. 1902లో వెర్నాయి పద్ధతి వచ్చాక కృత్రిమ కెంపులు కొల్లలుగా తయారయ్యాయి. పీకి అమ్మితే టీ ఖర్చు కూడా రాదు.

పాతదైతే ఎక్కువ ధర అన్నది కూడా తప్పే. 1870ల నాటి, తాళంచెవితో తిప్పే వెండి ఇంగ్లీషు గడియారం కంటే 1940ల హామిల్టన్ 992బి రకం గడియారం ఎక్కువకు పోతుంది. వాల్తమ్ కంపెనీ దాదాపు 4 కోట్లు, ఎల్జిన్ దాదాపు 6 కోట్లు చేసింది. అన్ని కోట్లలో ఒకటి మన ఇంట్లో ఉంటే సంతోషమే గానీ, అరుదైనది ఎలా అవుతుంది? యంత్రం మీది వరుస సంఖ్యను బట్టి తయారైన ఏడాది తెలుస్తుంది. చాలామంది మూత మీది సంఖ్య చూసి పొరపాటు పడతారు.

ఇప్పుడు అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన మాటకు వస్తాను. రేడియాన్ని బ్లేడుతో గోకమన్నాడు. ఈ ఒక్క వాక్యం లేకపోతే నేనిది రాసేవాణ్నే కాదు.

మనకు రేడియం అంటే బండి నంబరు పలక మీద అతికించే స్టిక్కరు. ఊరూరా రేడియం దుకాణాలున్నాయి. ఆ స్టిక్కర్లలో రేడియం లేదు, అవి వెలుగును తిప్పికొడతాయి, అంతే. అందుకే ఈ మాట విన్నవాళ్లకు భయం కలగదు. కానీ 1910ల నుంచి 1960ల దాకా చీకట్లో వెలిగే గడియారాల మీద పూసింది అసలు రేడియం, మేరీ క్యూరీ కనిపెట్టిన రేడియం. అది సగానికి తగ్గడానికి 1,600 సంవత్సరాలు పడుతుంది. వెలుగునిచ్చేది దానితో కలిపిన జింకు సల్ఫైడు. అది కొన్ని దశాబ్దాల్లో చెడిపోతుంది. అంటే గడియారం వెలగడం మానేసినా రేడియం ఇంచుమించు అంతా అక్కడే ఉంది. వెలగడం లేదు కాబట్టి చచ్చిపోయింది అనుకోవడమే ప్రమాదం.

ఒకసారి నా కళ్ల ముందే ఒక మరమ్మతుకారుడు అలాంటి గడియారం అద్దం తీశాడు. అంకెలు లావుగా, గోధుమ రంగులో పగుళ్లు వారి ఉన్నాయి. ముళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట ఆగిన గుర్తుగా డయల్ మీద వాటి ఆకారంలో మచ్చ పడింది, కాగితాన్ని దీపానికి దగ్గరగా పెడితే పడే మచ్చలాగా. ఆయన పెద్ద ముల్లును పట్టకారుతో కదపగానే చిటికెడు పొడి తెల్లగుడ్డ మీద రాలింది. నోటితో ఊదబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఆ పొడి ఊపిరితోనో నోటితోనో లోపలికి పోతే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్‌లో, ఇల్లినాయిలోని ఒటావాలో డయళ్లకు ఈ రంగు పూసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నబడడానికి పెదవులతో తడిపేవారు. అలా చేయమని నేర్పింది కంపెనీలే. దవడ ఎముకలు కుళ్లి, రక్తం క్షీణించి ఎంతోమంది చనిపోయారు. వంద ఏళ్ల కింద వాళ్ల ప్రాణాలతో తెలిసిన విషయాన్ని, ఈ రోజు ఎవరో ఫోను పట్టుకుని కూర్చుని మళ్లీ మన ఇళ్లలోకి తెస్తున్నారు. వంటగది బల్ల మీద పిల్లల పక్కన కూర్చుని బ్లేడు పట్టుకునే తండ్రిని తలచుకుంటే నాకు వణుకు వస్తోంది. ఈ వాక్యం రాసినవాడు దాన్ని చదివి చూసుకున్నాడా? పంపినవాళ్లలో ఒక్కరైనా చదివారా?

అద్దం బిగించి ఉన్న గడియారాన్ని చూసి పారిపోనక్కరలేదు. తెరవకండి, జేబులో పెట్టుకుని తిరగకండి, తలగడ పక్కన ఉంచకండి. గాలి ఆడే చోట పెట్టండి. మరమ్మతుకు ఇస్తే ముందుగా ఆ మనిషికి చెప్పండి. పైగా గోకేస్తే గడియారానికి ఉన్న కాస్త ధర కూడా పోతుంది, ఎందుకంటే కొనేవాళ్లు ముందు చూసేది డయల్ అసలుదా కాదా అనే.

తోమమన్న సలహా కూడా ఇదే కోవలోది. పిన్ని ఇత్తడి సామాన్లు తోమే పొడితో రుద్దింది. ఇంజను చక్రాల గీతలు సగం అరిగిపోయాయి. మూత సందుల్లోంచి నీళ్లు లోపలికి పోయి స్ప్రింగు పక్కన తుప్పు మొదలైంది. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, అంతే చాలు.

రుసుము గురించి ఎక్కువ చెప్పను. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. పాత నాణేల పేరుతో ఇలాగే రుసుములు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నాణెం స్థానంలో గడియారం వచ్చింది, మోసం అదే.

అయితే ఆ సందేశంలో ఒక్క మాట నిజం, అది ఒప్పుకోవాలి. ధరలు పెరిగాయి. ఈ గడియారాలు పెట్టుబడి కావని నేను చాలా ఏళ్లు అందరికీ చెబుతూ వచ్చాను. రోల్డ్ గోల్డ్, నికెల్ మూతల విషయంలో అది ఇప్పటికీ నిజమే, వాటి ధర ఏళ్లుగా కదలడం లేదు. కానీ కిలో వెండి లక్ష దాటాక వెండి, బంగారం మూతల గడియారాలు లోహం విలువతోనే ఎక్కడికో వెళ్లాయి. నా మాట విని అమ్మేసిన ఒక స్నేహితుడికి నష్టం జరిగింది. అతనికి క్షమాపణ చెప్పాను. అయితే ఆ పెరుగుదలే గడియారాలను చంపుతోంది. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఇప్పుడు మూతలు లేని యంత్రాలు సంచుల్లో కనిపిస్తున్నాయి. మూతను కరిగించారు, వందేళ్లు నడిచిన యంత్రాన్ని తూకానికి వేశారు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఈ సందేశం రాకపోతే పిన్ని ఆ పెట్టె తెరిచేది కాదు. ఆ గడియారం మహా అయితే రెండు వేలు చేస్తుందని చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు మూత లోపలివైపు వెలుతురుకు తిప్పి చూపించాను. సూదితో గీసిన సన్నటి గీతలు, మరమ్మతు చేసిన ప్రతి ఒక్కరూ పెట్టిన గుర్తులు, తేదీలు. మొత్తం ఏడున్నాయి. చివరిది 1958. "మా ఆయన పుట్టిన ఏడు" అంది పిన్ని. తుప్పు తీయించి నడిపించడానికి మూడు వేలు అవుతుందన్నాను. సందేశంవాడికి కట్టాలని పక్కన పెట్టిన 2,999 తీసి బల్ల మీద పెట్టింది.