స్కీయింగ్‌కు ఏ ఊరు మేలు: బెళ్లందూరు తీర్పు

బెంగుళూరులో స్థిరపడిన తెలుగువాళ్లకు కాలాన్ని బట్టి వివాదాలు మారుతుంటాయి. వేసవిలో బంగినపల్లా, చిన్నరసమా? డిసెంబరు వచ్చిందంటే స్కీయింగుకు ఏ ఊరు మేలు? సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉండి, ఎప్పుడో 1884 జనవరిలో ఒకసారి 7.8 డిగ్రీలకు దిగి, అంతటితో చలి విషయంలో తన బాధ్యత తీరిందనుకున్న నగరం ఇది. ఇక్కడ ఈ చర్చ ఇంత లోతుగా సాగడం మన మేధకు నిదర్శనం. చర్చించేవారిలో స్కీల మీద నిలబడినవారు లేరు గనకే అభిప్రాయాలు అంత నిక్కచ్చిగా ఉంటాయి. పడినవాడికి పక్షపాతం ఉంటుంది.

మా బెళ్లందూరు అపార్ట్‌మెంటులో బలమైనది గుల్‌మార్గ్ వర్గం. వీరి ధైర్యమంతా గొండోలా అనే రోప్‌వే. రెండో దశలో అది అఫర్వాట్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు చేరుస్తుంది. అక్కడి నుంచి చదును చేయని మంచులో, మంచుచరియలు విరిగిపడే చోట్లు తప్పించుకుంటూ దిగాలి. మావాళ్లు అంత ఎత్తుకు చేరి, ఊపిరాడక గుండె పట్టుకుని, ఆ భంగిమలోనే ఫొటో తీయించుకుని, ఎక్కిన డబ్బాలోనే కిందికి వచ్చేశారు. అయినా వాలు ఎలా ఉందని అడిగితే కోణంతో సహా చెబుతారు.

వీరి దగ్గర మంచు మాట మాత్రం ఎత్తకూడదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ మైదానాలు ఎండుగడ్డితో దర్శనమిచ్చాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడ్డాయి. “మేము వెళ్లిన వారం బాగానే పడిందండీ” అన్నది వీరి సమాధానం. వాతావరణ శాస్త్రవేత్తలు ఈ వాక్యాన్ని ఇంతవరకు పరిగణనలోకి తీసుకోకపోవడం శోచనీయం.

ఆ ప్రాంతంలోనే పెరిగిన ఆరిఫ్ ఖాన్, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పోటీపడిన ఏకైక క్రీడాకారుడు. జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్‌ పందెంలో 45వ స్థానం. బరిలోకి దిగినవారిలో దాదాపు సగం మంది ఆఖరి గీత దాకా రాలేకపోయిన పోటీ అది. ఈ సంగతి చెబితే మా సంఘం కోశాధికారిగారు కాసేపు ఆలోచించి, “ఆ ర్యాంకుకు ఏ కాలేజీలో సీటు వస్తుందండీ?” అని అడిగారు.

ఔలీ వర్గం చిన్నది, భక్తి ఎక్కువ. బదరీనాథ్ దారిలోనే ఉంది గనక పుణ్యమూ పురుషార్థమూ కలిసొస్తాయని వీరి లెక్క. స్కీయింగ్ నెలల్లో బదరీనాథ్ గుడి మూసి ఉంటుందని గుర్తుచేసిన ఒకాయనను నాస్తికుల జాబితాలో చేర్చారు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి, ఇళ్లు బీటలు వారి, ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆగిపోయిన సంగతి వచ్చినప్పుడు మాత్రం సభ మౌనం వహించింది. మా అపార్ట్‌మెంటు ఎక్కడ కట్టారో మాకు తెలుసు.

సోలాంగ్ సంగతికి వస్తే, అక్కడ చూడవలసింది మంచు కాదు, కోటు. మనాలి నుంచి వెళ్లే దారి పొడవునా అద్దె దుకాణాలు, ఒక్కోదానికి ఒక నంబరు. గులాబీ రంగు కోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, లోపల నిన్న తొడుక్కున్నవాడి చెమట, పైన దుకాణం నంబరు. ఆ నంబరు పడకుండా ఫొటో తీయగల భర్త దొరకడం పూర్వజన్మ సుకృతం.

ఇక విదేశాలు. స్విట్జర్లాండులోని జెర్మాట్‌లో ఏడాది పొడవునా స్కీయింగ్ ఉంటుంది. రోప్‌వే 3,883 మీటర్ల ఎత్తుకు పోతుంది. ఊళ్లోకి పెట్రోలు, డీజిలు కార్లను రానివ్వరు. ఈ చివరి అంశమే మావాళ్లను కుంగదీసింది. ట్రాఫిక్ ఆగిపోయే మా సిల్క్‌బోర్డు కూడలి మీద భారం వేసి ఇన్నేళ్లు ఉద్యోగం నెట్టుకొచ్చినవాడు, కార్లే లేని ఊళ్లో ఆలస్యానికి కారణం ఏమని చెప్పాలి?

జపాన్‌లోని నిసెకో గురించి ఒక కుర్ర ఇంజనీరు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. సైబీరియా గాలులు సముద్రం మీదుగా వస్తూ తేమ నింపుకుని అక్కడ పొడిలాంటి మెత్తటి మంచు కురిపిస్తాయట. “పెరుగన్నం దొరుకుతుందా నాయనా?” అని ఒక పెద్దావిడ అడగడంతో నిసెకో పోటీ నుంచి తప్పుకుంది. దుబాయిలో 2005 నుంచి ఒక మాల్ లోపలే 400 మీటర్ల మంచు వాలు ఉంది. బస బావమరిది ఇంట్లోనే. కానీ ఖర్చు పెట్టకుండా వెళ్లి వచ్చిన చోటు గురించి ఎవరితో చెప్పుకుంటాం?

అసలు కొలమానం ఇక్కడే ఉంది. తోడల్లుడు ఇంకా వెళ్లని ఊరే ఉత్తమమైన స్కీయింగ్ స్థలం. ఆయన టిక్కెట్లు కొన్న మరుక్షణం జెర్మాట్ మంచు నాణ్యత పడిపోతుంది. ఇది భౌతికశాస్త్రం, నా సొంత అభిప్రాయం కాదు.

ఈ లెక్కన ఏ తోడల్లుడూ తన్నుకుపోలేని అభ్యర్థి ఒకటే మిగులుతుంది: మా బెళ్లందూరు చెరువు. 2015లో అక్కడ లేచిన తెల్లటి నురగ రోడ్డు మీదికి పొంగి రాకపోకలకు అడ్డుపడిన దృశ్యం దేశమంతా చూసింది. దానికి సైబీరియా గాలులతో పని లేదు. నగరం వదిలే మురుగునీరు, అందులో కలిసిన సబ్బుల రసాయనాలు, అలుగు దగ్గర నీరు కిందికి దూకేటప్పుడు పుట్టే కుదుపు చాలు. భూతాపం గుల్‌మార్గ్‌ను భయపెడుతుందేమో గానీ, మనం బట్టలు ఉతుక్కున్నంత కాలం ఈ మంచుకు ఢోకా లేదు. నురగ ఎగిరిపడకుండా తర్వాత కట్ట పక్కన వలకంచెలు కట్టారు. స్కీ వాలుల అంచున వలలు కట్టడం అంతర్జాతీయ పద్ధతే కనుక భద్రత ఏర్పాట్లు కూడా పూర్తయినట్టే. పైగా 2017 ఫిబ్రవరిలో ఈ చెరువు మంటలు పట్టి పొగలు కక్కింది. స్కీయింగ్ ముగిశాక చలి కాచుకోవడానికి నీళ్లే మండే ఊరు స్విట్జర్లాండులో ఒకటి చూపించమనండి.

ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. కోశాధికారిగారు ఒక్క సవరణ చేర్పించారు: స్కీలు తెచ్చుకునేవారు సర్వీసు లిఫ్టే వాడాలి, వాటిని బాల్కనీలో ఆరబెడితే 500 రూపాయలు జరిమానా.