తీరానికి అవతల లంగరేసుకున్న బోయ్ గారికి

సముద్రం మీద తేలుతూ నీటి కొలతలు పంపే మహారాజశ్రీ బోయ్ గారికి, తిరుపతి నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం అని రాయడం మర్యాదే గానీ, నిన్నటి సెమినార్ తర్వాత ఆ మాటకు చేయి రావడం లేదు.

ఫిబ్రవరిలో తమరు పంపిన లవణీయత 34, అంటే కిలో నీటిలో సుమారు 34 గ్రాముల ఉప్పు. మే రెండో వారానికి 29. బావిలోకి చేద దిగినట్లు నిదానంగా దిగింది. నేను నమ్మాను. తీరంలో మంచినీరు కలుస్తోందని, అది స్వర్ణముఖిదేనని 18 స్లైడ్లు చేశాను. మా గైడు గారు కళ్లజోడు తుడుచుకుంటూ ఒకే మాట అడిగారు: "ఏ స్వర్ణముఖి నాయనా? పొద్దున నేను వంతెన మీద దాటి వచ్చినదేనా?"

వెనక వరుసలో నవ్వులు. ఆ వంతెన కింద మే నెలలో పిల్లలు క్రికెట్ ఆడతారు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది గుర్తు రాలేదంటే తమరి అంకెల మహిమే.

ఈరోజు గూడూరు, వాకాడు మీదుగా వచ్చి పడవెక్కి చూశాను. సోలార్ పలకల మీద పక్షుల రెట్టలు, గొలుసుకు ఎవరో పడవ కట్టి తెంపుకుపోయిన తాడు. పోనీ అనుకున్నాను. నీటి వాహకత, అంటే నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతుందో కొలిచే సన్నని గాజు గొట్టంలోనే బార్నకిల్ గుల్లలు (పడవల అడుగున అతుక్కునే గుల్ల జీవులు) కాపురం పెట్టాయి. ఉప్పు ఎక్కువైతే విద్యుత్తు ఎక్కువ పారుతుంది, తమరి లెక్క అదే. కానీ గొట్టం ఇరుకైనా విద్యుత్తు తక్కువే పారుతుంది. తమరు దాన్ని ఉప్పు తగ్గిందని రాసి పంపారు. జలుబు చేసినవాడు పులుసులో ఇంగువ లేదన్నట్లు! పక్కనే నేను ముంచిన పరికరం 34 చూపించింది.

పైగా ప్రతి అంకె పక్కనా 'సరిగా ఉంది' అన్న ముద్ర. ఈశాన్య రుతుపవనాల వేళ గంగా బ్రహ్మపుత్రల నీళ్లు తీరం వెంట దిగివచ్చినప్పుడు 29 ఉండదగ్గదే కాబట్టి తనిఖీ దాటేసింది. మే నెలలో, తగలబడే ఎండలో, ఎలా దాటింది? ఒక్కసారైనా తడబడ్డావా? ఒక్క పూటైనా అంకె ఆపి నన్ను అనుమానపడనిచ్చావా? తుపాను రోజు మాత్రం మౌనవ్రతం పడతావు, సిగ్గులేనిదానా!

తిరిగి వస్తూ వెనక్కి చూశాను. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని చోట, గుల్లలు మోస్తూ, ఒంటికాలి మీద ఊగుతున్నావు. ఆదివారం మళ్లీ వస్తాను. గొట్టాన్ని పలుచని ఆమ్లంలో నానబెట్టి, రాగి కవచం తొడిగి, మిగతా ఒళ్లంతా గీకిస్తాను. మా ఊరివాళ్లం, గుండు చేయించడం మాకు కొత్త కాదు.

అంతవరకు కదలకు. కదలలేవనుకో.

ఇట్లు,
18 స్లైడ్లు చెరిపేసిన పరిశోధక విద్యార్థి