చెల్లెలికి క్షేమం, అన్నకు గండం

చిన్నవాళ్లకు బరువులెత్తే వ్యాయామం నేర్పితే కలిగే లాభాల గురించి వైద్యులు రాశారు, శిక్షకులు రాశారు, ఏమీ తెలియనివాళ్లు మరింత ధారాళంగా రాశారు. ఎముకలు గట్టిపడతాయట, ఆటల్లో గాయాలు తగ్గుతాయట, మనసు కుదుటపడుతుందట. కావచ్చు. ఇంతమంది రాసిన ఇన్ని పేజీల్లో, ఆ వ్యాయామం నేర్పడానికి పూనుకున్న అన్నకు జరిగే నష్టం గురించి ఒక్క వాక్యమైనా ఉందా? ముందు పుట్టడమే అర్హతగా బతుకుతున్న ఒక వర్గం కళ్లముందే నేలకూలుతుంటే పట్టించుకునే నాథుడు లేడు. అందుకే కలం పట్టాను.

నాకు 24, చెల్లెలికి 16. మధ్యనున్న ఆ ఎనిమిదేళ్లే నా స్థిరాస్తి. బిగుసుకున్న సీసా మూత తీయడం, బీరువా జరపడం, ప్రయాణాల్లో పెద్ద పెట్టె మోయడం వంటివి ఆ ఆస్తి మీద వచ్చే అద్దె. ఆ పనులు నేను విసుక్కుంటూ చేస్తాను. విసుగు లేని సాయానికి విలువ ఉండదు. అలా రోజులు గడుస్తుండగా ఒక సాయంత్రం ఆమె వచ్చి, "అన్నయ్యా, నాకు బరువులెత్తడం నేర్పిస్తావా?" అని అడిగింది. పొంగిపోయాను. అది పొగడ్త కాదు, ఇల్లు ఖాళీ చేయమనే నోటీసని అప్పుడు నాకు తట్టలేదు.

అడగగానే ఒప్పుకుంటే పెద్దరికం ఏముంటుంది? "ఈ వయసులో బరువులెత్తితే పొడుగు పెరగరు" అన్నాను. ఈ మాట నాకు ఎవరు చెప్పారో గుర్తు లేదు. వాళ్లకు ఎవరు చెప్పారో వాళ్లకూ గుర్తుండదు. ఇన్ని చేతులు మారి వచ్చిన మాటను అనుమానించడం మర్యాద కాదు. ఆమె ఆ మర్యాద పాటించలేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2020లో వెలువరించిన వైద్య నివేదిక చదివి వచ్చింది. సరైన పద్ధతిలో, తెలిసినవారి కనుసన్నల్లో చేస్తే ఎదుగుదలకు వచ్చిన ముప్పేమీ లేదట. ఎముకల చివర ఇంకా గట్టిపడని పెరుగుదల పలకలు ఉంటాయి, నిజమే. కానీ వాటిని దెబ్బతీసేది అదుపు తప్పిన బరువు, వంకర పద్ధతి. పరుగెత్తి గెంతి దిగినప్పుడు కాళ్ల మీద పడే భారం మన బరువుకు ఎన్నో రెట్లుంటుంది. ఆ గెంతులు మానమని నేనెప్పుడైనా అన్నానా అని అడిగింది. పైగా 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు వారానికి కనీసం మూడు రోజులు కండరాలకూ ఎముకలకూ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ 2020లోనే చెప్పిందట. మొదటి వాయిదాలోనే నా వ్యాజ్యాన్ని ఖర్చులతో సహా కొట్టివేశారు.

సరే, పాఠం నేనే చెబుతాను గదా అని సర్దుకున్నాను. నా పాఠ్యప్రణాళిక పూర్తిగా స్వానుభవం. పంతొమ్మిదో ఏట వ్యాయామశాలలో కాలుపెట్టిన మొదటి రోజున, పక్కవాడు ఎంత ఎత్తుతున్నాడో చూసి, దానికి రెండు ప్లేట్లు కలిపి ఎత్తాను. ఎందుకు కలిపానంటే, పక్కవాడు నన్ను చూస్తున్నాడు. తర్వాతి మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. కూర్చోవాలంటే గోడ, లేవాలంటే దేవుడు. ఆ బాధనే నేను ఘనకార్యంగా చెప్పుకుంటూ ఐదేళ్లు గడిపాను.

ఆమె ఇదంతా శ్రద్ధగా విన్నది. కొత్త పని చేస్తే ఒకటి నుంచి మూడు రోజుల మధ్య కండరాల నొప్పి ముదురుతుందని, ఆ పని ఎంత కొత్తదో ఆ నొప్పి చెబుతుంది గాని ఎంత మంచిదో చెప్పదని అంది. తర్వాత తన నోటుపుస్తకం చూపించింది. కీలులో పోటు, తల తిరగడం, ఛాతీలో నొప్పి, వేళ్లు మొద్దుబారడం: నా ప్రణాళికలో ఇవి పట్టుదలకు నిదర్శనాలు. ఆమె పుస్తకంలో మొదటి పేజీలోనే "వెంటనే ఆపాలి" అనే శీర్షిక కింద ఉన్నాయి. అతిగా చేసిన తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, దెబ్బతిన్న కండరాల సరుకు మూత్రపిండాల మీద పడుతున్నట్లేనని, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలని కూడా రాసుకుంది. కండ పెంచే పౌడర్ల డబ్బాల గురించి నేను చెప్పబోతే, ఈ వయసుకు అవి వద్దని పిల్లల వైద్యుల మాటగా ఒక గీత గీసి ఉంది. ఆ గీత నేను రాకముందే గీసిందే.

ఇక మొదటి పాఠం. ఆమె పట్టిన ఆయుధం రెండు చివరలా ప్లేట్లు తగిలించే పొడుగాటి ఇనుప బార్ కాదు, ఒంటిచేత్తో పట్టే డంబెల్ కాదు. నేల తుడిచే బ్రష్షు నుంచి ఊడదీసిన కర్ర. దాన్ని వెన్ను మీద నిలువుగా ఆనించి, ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి నడుము వెనక పెట్టి పట్టుకుంది. కర్ర మూడు చోట్ల తగులుతూ ఉండాలి: తల వెనక, భుజాల నడుమ, వెన్నెముక చివర. ఆ మూడూ వదలకుండా, మోకాళ్లు కాస్త సడలించి, పిరుదులు వెనక్కి నెడుతూ తుంటి దగ్గర వంగాలి. రెండు చేతుల్లో సామాను ఉన్నప్పుడు తలుపును వెనకభాగంతో నెట్టి మూస్తామే, అలాగ. నేల మీది బరువును క్షేమంగా ఎత్తడానికి ఇవే ఓనమాలు. పది సార్లు వంగింది, కర్ర పట్టు తప్పలేదు.

"నువ్వు చెయ్యి అన్నయ్యా" అని కర్ర నా చేతికిచ్చింది. నేల మీది బార్‌ను నిటారుగా నిలబడేదాకా ఎత్తే డెడ్‌లిఫ్ట్‌ను ఐదేళ్లుగా చేస్తున్నవాణ్ణి, కర్రను చిన్నచూపు చూసి వంగాను. వెన్నెముక చివరన ఆనాల్సిన కర్ర లేచి గాలిలో ఊగింది. నడుము విల్లులా వంగింది. "నాలుగు వేళ్లు పడుతున్నాయి" అంటూ కర్రకూ నాకూ మధ్య ఆ నాలుగు వేళ్లూ పెట్టి చూపించింది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మాను వంగింది. వంగకూడని చోట వంగింది.

తర్వాతైనా బార్ పట్టుకుంటుందేమో అనుకున్నాను. దానికీ ముందు మెట్లున్నాయట: కుర్చీ అంచు తగిలేదాకా దిగి లేవడం, బల్లకు చేతులానించి పుషప్‌లు, తేలికపాటి డంబెల్‌ను ఛాతీకి దగ్గరగా పట్టుకుని స్క్వాట్, అంటే గుంజీలా దిగి లేవడం. రెండు వారాలు ఇదే. ఖాళీ బార్ దగ్గరికి ఆ తర్వాత వచ్చింది. ఈ "ఖాళీ" అనే మాట పెట్టిందెవరో గాని, బరువుల లోకంలో ఇంతకన్నా పెద్ద అపవాదు లేదు. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో పురుషుల బార్ 20 కిలోలు, స్త్రీలది 15 కిలోలు. ఇరవై కిలోల ఇనుమును ఖాళీ అని పిలవడం వల్ల, దానితో ఎవరి కంటనైనా పడటం నా వంటివాడికి చావుతో సమానమైంది. ఐదేళ్లలో నేను ఖాళీ బార్‌ను ముట్టుకున్నది దాన్ని పక్కకు జరపడానికే.

మొదటి నెల మాత్రం శిక్షణ పొందిన కోచ్ ఎదుటే చేస్తానని పట్టుబట్టింది. "నేనున్నానుగా?" అన్నాను. "నువ్వున్నావు, అందుకే" అంది.

ఆ కోచ్ మితభాషి. "మోకాళ్లు" అంటాడు. లోపలికి వాలుతున్న మోకాళ్లు పాదాల దిశకు తిరుగుతాయి. కాసేపాగి "ఊపిరి" అంటాడు. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. నా పద్ధతి వేరు. ముఖం కందగడ్డ చేసుకుని, ఊపిరి బిగించి, చివర ఒక కేక పెడతాను. కేక లేకుండా కూడా బరువు పైకి లేస్తుందన్న సంగతి ఐదేళ్లుగా నా దగ్గర దాచారు.

ఆమె పుస్తకంలోని అంకెల పుట్టుక కూడా నన్ను అవమానించేదే. పదేసి సార్లు, మూడు సెట్లు (విడతలు) అనే లెక్క థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడిది. 1940లలో, గాయపడిన సైనికుల కాళ్లకు బలం రప్పించడానికి, మోయగలిగిన బరువును కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. మొదట్లో చాలా సెట్లు చేయించి, తర్వాత మూడు చాలని తేల్చాడు. అంటే ఈ విద్య ఆస్పత్రిలో పుట్టి వ్యాయామశాలకు నడిచి వచ్చింది. నేను అదే దారిలో ఎదురుగా నడిచాను.

ఇంకా వెనక్కి పోతే మిలో కథ ఉంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో క్రోటన్‌కు చెందిన ఈ గ్రీకు మల్లుడు రోజూ ఒక దూడను భుజాన వేసుకుని మోశాడని, అది ఎద్దయ్యేసరికి ఎద్దునే మోశాడని చెబుతారు. చదివినవాళ్లందరూ మిలో ఓపికను మెచ్చుకుంటారు. నాకు కనిపించేది వేరు. "దూడేమిటిరా, అవతల ఆ ఎద్దునెత్తు" అని పక్కన నిలబడి ఎగదోసే అన్న మిలోకు లేడు.

మా ఇంటి దూడ మరీ నిదానంగా పెరిగింది. అనుకున్నన్ని సార్లు తీరు చెడకుండా చేయగలిగితేనే బరువు పెరుగుతుంది, అదీ 5 నుంచి 10 శాతం. ఇరవై కిలోల మీద ఒక కిలో, మహా అయితే రెండు. అర కిలో ప్లేటు అనే వస్తువు లోకంలో ఉందని నాకు ఆమె వల్లే తెలిసింది. బొమ్మలకు చేసిందేమో అనుకున్నాను. వారానికి మూడు రోజులకు మించి రాదు, రెండు రోజులు వరుసగా రాదు. మిగిలిన రోజుల్లో నిద్రపోతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్పిన మాటను ఆమె శాసనంగా తీసుకుంది. ఉదయం లేపబోతే, "వ్యాయామంలో ఉన్నాను" అని దుప్పటి లోపలి నుంచి జవాబు వస్తుంది.

ఆరో వారానికి ఆమె ఎత్తే బరువు మొదటి వారానికి రెట్టింపు దాటింది. ఓర్చుకోలేక, "కండ ఏమీ కనపడటం లేదే" అన్నాను. మొదటి వారాల్లో పెరిగేది కండ కాదట. ఉన్న కండను ఒక్కసారిగా పనిలోకి దించడం నరాలు నేర్చుకుంటాయట. కండ తర్వాత తీరిగ్గా వస్తుందట. నా విషయంలో నరాలు కేకలు పెట్టడం నేర్చుకున్నట్లున్నాయి.

అసలు పతనం బెంచ్ మీద, వెల్లకిలా పడుకుని బార్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టేచోట జరిగింది. ఆ రోజు ఆమె చూస్తోంది గనుక మామూలుకన్నా పది కిలోలు ఎక్కువ వేశాను. బొటనవేలు బార్ చుట్టూ వేయకుండా అరచేతిలో ఆనించి పట్టడం నా ముద్ర. వేలు చుట్టకపోతే బార్ జారి ఛాతీ మీదో మెడ మీదో పడుతుందని ఆమె అంది. పక్కన నిలబడనా అని అడిగింది. చెల్లెలు పక్కన నిలబడితే అన్న బరువెత్తినట్లా? బార్‌కు ఇరువైపులా ఉండే ఇనుప ఆపుడు కడ్డీలను కూడా పిరికితనం కింద జమకట్టి తీసేయబోయాను. నేను అటు తిరిగినప్పుడు ఆమె వాటిని మళ్లీ నా ఛాతీ ఎత్తు చూసి బిగించింది. బార్ మూడోసారి దిగి, మళ్లీ లేవలేదు. కేక పెట్టాను. అదీ పని చేయలేదు. బార్ ఆ కడ్డీల మీద టంగుమని ఆగింది. దాని కింద నేను పడుకుని, పైకప్పు మీది ఫ్యానును చాలాసేపు చూశాను. ఆమె ఏమీ అనలేదు. వచ్చి, ఒక్కో వైపు నుంచి ప్లేట్లు తీసి, వాటి స్థానంలో పెట్టింది. ఏమైనా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కాబట్టి అన్నల పక్షాన కొన్ని డిమాండ్లు. అర కిలో ప్లేట్ల తయారీని తక్షణం నిషేధించాలి. నోటుపుస్తకాలను వ్యాయామశాల గుమ్మంలోనే జప్తు చేయాలి. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పే కోచ్‌లకు లైసెన్సు ఇవ్వరాదు. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ విద్య నేర్పదలచినవాళ్లు, నేర్పిన తర్వాత ఇంట్లో తమ హోదా ఏమవుతుందో ముందుగా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. సీసా మూతల విషయం అందులో విడిగా పేర్కొనాలి.

ఈ వ్యాసం కోసం ఆధారాలు సేకరిస్తూ ఆమె నోటుపుస్తకం తిరగేస్తే, చివర్లో కొత్తగా ఒక పేజీ కనిపించింది. పైన గుండ్రటి అక్షరాలతో: పేరు, అన్నయ్య. వయసు, 24. పాత గాయాలు, నడుము (అడిగితే చెప్పడు). మొదటి రెండు వారాలు, కర్ర.

"కనీసం ఖాళీ బార్ అని రాయవే" అన్నాను.

"మూడు చోట్లా తగలనీ, చూద్దాం" అంది.