నీలం డ్రమ్మూ, నీకో దండం

పెరట్లో ఉన్న రెండొందల లీటర్ల నీలం డ్రమ్ముకి,

ఎలా ఉన్నావని అడగను, ఎలా ఉన్నావో మా వీధి మొత్తానికీ తెలుస్తూనే ఉంది, గాలి కాస్త అటు తిరిగితే కాశీనగర్ వాళ్ళకి కూడా తెలిసేలా ఉంది.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నిన్ను తెచ్చింది ఈ పనికి కాదు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి వచ్చి మా గజపతి జిల్లా మీద పడింది కదా, అప్పుడు పర్లాకిమిడిలో మా ఇంటికి కరెంట్ లేదు, మోటార్ లేదు, పెరట్లో మునగచెట్టు లేదు. వాడకం నీళ్ళకని పాత సామాన్ల కొట్లో నిన్ను ఏడొందల యాభైకి కొన్నాం. నీ పొట్ట మీద సగం చిరిగిన లేబులు, దాని మీద పుర్రె బొమ్మ. కొట్టువాడు "కడిగీసినాం బాబూ, ఏటీ అవదు" అన్నాడు. మా అమ్మ చింతపండేసి మూడుసార్లు తోమింది, అయినా నమ్మకం కుదరక స్నానాలకి తప్ప ముట్టుకోనివ్వలేదు. ఆ నెల్లాళ్ళు నువ్వు మర్యాదగా బతికావు.

తర్వాత నాకు పిచ్చెక్కింది. తుఫాను పుణ్యమా అని వారం రోజులు చారన్నం తిన్నవాడికి వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది, ఇంక ఎవడి మీదా ఆధారపడకూడదు, మన తిండి మనమే పండించుకోవాలి అని. ఫోన్ తెరిస్తే పర్మాకల్చర్ అన్నారు, అంటే ప్రకృతిని చూసి దానిలాగే తోట వేసుకోవడమట, 1970ల్లో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు మొదలెట్టారట, ఇంటి చుట్టూ నేలని జోన్లుగా విడగొట్టుకోవాలట, రోజూ చెయ్యి పడాల్సినవి ఇంటి దగ్గర, చూడక్కర్లేనివి దూరంగా, అన్నిటికన్నా చివర జోన్ 5 అని అడవి, దాంట్లో మనిషి వేలు పెట్టకూడదు. మాది ఇల్లు పోను నాలుగు సెంట్లు. జోన్ 1 తులసికోట దగ్గర మొదలై దండెం కింద అయిపోయింది, బాత్రూమ్ వెనక అమ్మ చేప పొలుసులు పారేసే చోటు మూడడుగులు ఉంది, దానికి జోన్ 5 అని పేరెట్టాను. నిజం చెప్పాలంటే అక్కడ ఎవరూ వేలు పెట్టరు కూడా.

అక్కడితో ఆగినా బావుండేది. జీవామృతం అన్నారు, పేడా బెల్లం పులియబెట్టి మొక్కలకి పోసే ఎరువు. ప్రకృతి వ్యవసాయం నేర్పే విదర్భ సుభాష్ పాలేకర్ గారు చెప్పిన లెక్క, 2016లో పద్మశ్రీ కూడా ఇచ్చారు ఆయనకి, ఆయన్ని నేనేమీ అనను, లెక్క సుబ్బరంగానే ఉంది. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండొందల లీటర్ల నీళ్ళు, నీడలో నలభై ఎనిమిది గంటలు. పేడ ఎంత తాజాదైతే అంత మంచిదట, మూత్రం ఎంత పాతదైతే అంత మంచిదట. రెండొందల లీటర్లు అనగానే నా కళ్ళు నీ మీద పడ్డాయి, అదీ మన ఖర్మ.

ఆవు దేశీదే అయ్యుండాలి. మా వీధిలో ఉన్నవి రెండు జెర్సీలు, ఒక గేదె. దేశీ ఆవు అంటే బస్టాండ్ దగ్గర పోస్టర్లూ పాలిథీన్ కవర్లూ తినేది ఒకటుంది, దాని పేడలో ఏముంటుందో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. చివరికి పాతపట్నంలో బావ వాళ్ళింట్లో ఉందని తెలిసి బండి మీద వెళ్ళాను, రెండు బకెట్లూ ఒక క్యానూ ముందర పెట్టుకుని ఆంధ్రా నుంచి ఒడిశాలోకి పేడ రవాణా చేశాను. అల్లుళ్ళు పట్టుచీరలు తెచ్చే దారిది! మధ్యలో స్పీడ్ బ్రేకర్ దగ్గర క్యాన్ మూత ఊడింది, మిగతాది నువ్వే ఊహించుకో, ఆ ప్యాంటు ఇప్పటికీ నా భార్య లోపల ఆరెయ్యనివ్వదు.

బెల్లం సంగతి ఇంకా దారుణం. మొక్కలకి నల్లబెల్లం చాలన్నారు కదా అని అడిగితే కొట్టాయన నన్ను పైనించి కిందిదాకా చూశాడు. "బట్టీ ఎక్కడెట్టినావు బాబూ?" అన్నాడు మెల్లగా. మన వైపు నల్లబెల్లం కొన్నాడంటే సారా కాసేవాడనే లెక్క, మొక్కలకండీ అంటే "అందరూ అదే సెప్తారు" అని నవ్వి పొట్లం కట్టాడు. ఇంటికొచ్చి నీలో కలిపి మూత బదులు గోనె కప్పానా, రెండో రోజుకి బుడగలు, పుల్లటి వాసన, అచ్చం బెల్లం ఊటే. మూడో రోజు సాయంత్రం ఎదురింటి రిటైర్డ్ మేస్టారు లుంగీ సద్దుకుంటూ గోడ దగ్గరకొచ్చి "మీ దగ్గర ఒక సీసా అయినా దొరుకుతుందా" అన్నారు, ఆయన ఆస్తికుడు, శనివారాలు ఒంటిపూట, నేను ఇంతకాలం ఆయన్ని వేరేగా అనుకున్నాను. జీవామృతం అని చెప్తే పేరు బావుందన్నారు. ఒక సీసా ఇచ్చాను మొక్కలకని. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడ్డం మానేశారు, ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు.

శనగపిండి రెండు కిలోలు నీలో పోస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి "ఇంట్లో మనుషులు బజ్జీలు తిని ఎన్నాళ్ళైందో, మొక్కలకి పిండివంటలు" అంది.

అసలు దెబ్బ మా అమ్మాయి కొట్టింది. ఎనిమిదో తరగతి, అప్పుడే అనుపాతాలు చెప్తున్నారట. "నాన్నా, రెండొందల లీటర్లు ఎన్ని సెంట్లకి?" అంది. ఎకరానికి అన్నాను. ఎకరం అంటే వంద సెంట్లు, మనవి నాలుగు, అంటే ఎనిమిది లీటర్లు చాలు కదా, ఎనభై గ్రాముల బెల్లం, నాలుగొందల గ్రాముల పేడ. బకెట్‌తో పోయేది! ఇంకో లెక్క కూడా వేసింది దాని నోరు మూయడం నా వల్ల కాలేదు, ఒక్క దేశీ ఆవుతో ముప్ఫై ఎకరాలు చెయ్యొచ్చంటారు కదా, మన వాటాకి ఆవులో ఏడొందల యాభయ్యో వంతు వస్తుంది నాన్నా, తోక చివర వెంట్రుకలు.

మిగిలిన నూట తొంభై లీటర్లు ఏం చెయ్యాలి చెప్పు. వారం దాటితే పనికిరాదంటారు. పక్కింటి అరటికి పోశాం, పిన్ని వాళ్ళ కొబ్బరికి పోశాం, మేస్టారి మందారానికి రాత్రిపూట పోశాం, అప్పటికీ సగం నువ్వు మోస్తూనే ఉన్నావు. ఎవరి మీదా ఆధారపడకూడదని మొదలెట్టినవాడు బావ ఆవు మీద, పాతపట్నం బెల్లం మీద, మిల్లు పిండి మీద, నిన్ను పెట్టిన నీడ కూడా పక్కింటి మామిడిదే, ఆ చెట్టు మీద, కలపడానికి వాళ్ళ దోటి మీద ఆధారపడ్డాడు. అందరి ముందూ నిలబడి ముక్కు మూసుకోమని బతిమాలుకోవడం వేరే.

సంతలో ఒక సవర ముసలావిడ కొండచీపుర్లు, పసుపు, బొబ్బర్లు పెట్టుకుని కూచుంది. ఒకే పోడులో ఎన్ని వేస్తారు అవ్వా అంటే ఒడియా తెలుగు కలిపేసి వేళ్ళు మడిచింది, చోళ్ళు, సామలు, కందులు, జొన్నలు, ఆముదాలు, బొబ్బర్లు, రెండో చెయ్యి మొదలయ్యింది. నేను ఆనందం పట్టలేక మిశ్రమ పంటల గురించి ఐదు నిమిషాలు చెప్పాను ఆవిడకి. ఓపిగ్గా విని "నీకెంత బూమి?" అంది. నాలుగు సెంట్లు అన్నాను. నవ్విన నవ్వు సంతంతా వినబడింది. సాయంత్రం ఆటో ఎక్కుతుంటే ఆవిడ ఒళ్ళో అరబస్తా యూరియా ఉంది, ఇంక నేను నోరెత్తలేదు.

విత్తనాలైనా దాద్దామనుకున్నాను. వందకి పైగా దేశీ వరి రకాలు కాపాడిన కమలా పూజారి గారిది మన కొరాపుట్ జిల్లాయే, 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ ఫోటో చూసి నేనూ నా వంతుగా ఒక్క రకం ఆనపకాయ గింజలు బూడిద కలిపి హార్లిక్స్ సీసాలో దాచాను. అమ్మ ఆ సీసాని పోపుడబ్బాల పక్కన చూసి, లోపల బూడిదేంటని తిట్టుకుంటూ కడిగేసింది. అలా ఒక రకం అంతరించింది.

ఇదిగో డ్రమ్మూ, నిన్ను మళ్ళీ నీళ్ళకి పెడదామని సోడా వేసి, సున్నం వేసి, ఎండలో బోర్లించి చూశాం. పోయిన నెల పిన్ని వాళ్ళ అబ్బాయి పెళ్ళికి కాళ్ళు కడుక్కునే నీళ్ళకని అరువడిగితే ఇచ్చాను. మగపెళ్ళివారు కాళ్ళు కడుక్కుని, ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకున్నారు.

బావ నిన్న ఫోన్ చేశాడు, ఆవు ఈనిందట, జున్ను పాలు ఇస్తాడట, పనిలో పని పేడ కూడా తీసుకెళ్ళమన్నాడు. బుధవారం వెళ్తున్నాను, ఈసారి చిన్న బకెట్టే. నువ్వు మూతి ముడుచుకోకు. అసలు నీ మూతే ఎక్కడుందో తెలీదు నాకు, మేస్టారి కోళ్ళగూటి మీద నీలం రంగుది ఏదో కనిపిస్తోంది గానీ, వెళ్ళి అడగాలంటే ముందు ఆయన మాట్లాడాలి కదా.

ఇట్లు,
ఆవులో ఏడొందల యాభయ్యో వంతు ఆసామి