జర్మనీలో ఫీజు లేదు సరే, భాష సంగతేంటి?

కొన్నేళ్ల క్రితం వరకు మన ఇళ్లలో బీటెక్ పిల్లలు ఎంఎస్‌కి వెళ్తామంటే ఏ దేశమని ఎవరూ అడిగేవారు కాదు. అమెరికా అనే అర్థం. ఇప్పుడు అడగాల్సి వస్తోంది. 2025 మే చివర్లో అమెరికా కొన్ని వారాల పాటు విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేసింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుం ప్రకటన వచ్చింది. ఆ వీసాల వార్షిక పరిమితి 85,000 మాత్రమే కాబట్టి లాటరీ టెన్షన్ ఎప్పటినుంచో ఉన్నదే. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి నలభై, యాభై లక్షలు తెచ్చే తల్లిదండ్రులు ఇక వేరే దారి చూస్తున్నారు. అలా వినిపిస్తున్న పేర్లలో జర్మనీ ముందుంది. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో అక్కడ చదువుతున్న భారతీయులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్లను కూడా దాటి మొదటి స్థానం మనదే. వీరిలో ఎక్కువమంది ఇంజినీరింగ్ వైపువాళ్లే.

జర్మనీ గురించి మొదట చెప్పే మాట 'అక్కడ ఫీజు లేదు' అని. అది చాలావరకు నిజమే. మెజారిటీ రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో విదేశీయులకు కూడా ట్యూషన్ ఫీజు ఉండదు. సెమిస్టర్‌కు వంద నుంచి మూడు వందల యాభై యూరోల దాకా ఒక రుసుం కడితే చాలు. చాలాచోట్ల బస్సు, రైలు పాస్ కూడా అందులోనే వచ్చేస్తుంది. అయితే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 నుంచి కొత్తగా చేరే విదేశీ మాస్టర్స్ విద్యార్థులకు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. మనవాళ్లు ముందుగా తలుచుకునే యూనివర్సిటీయే 'ఫీజు లేదు' జాబితాలోంచి బయటికొచ్చేసిందన్నమాట.

ఫీజు లేనంత మాత్రాన ఖర్చు లేదని కాదు. వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి సరిపడా 11,904 యూరోలు వేసి చూపాలి. ఇప్పటి మారకం రేటులో అది పన్నెండు లక్షల రూపాయలు. ఆ డబ్బు మనదే, నెలకు 992 యూరోల చొప్పున వెనక్కి వస్తుంది. ఇంటి అద్దె, ఆరోగ్య బీమా, తిండి అన్నీ అందులోనే. మ్యూనిక్‌లో గది అద్దెకే దాంట్లో పెద్ద భాగం పోతుంది. కెమ్నిట్జ్, మాగ్డెబర్గ్ లాంటి ఊళ్లలో ఊపిరాడుతుంది. మన పిల్లలు అక్కడ ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. చాలా కుటుంబాలు లెక్క వేయనిది రెండో ఏడాది గురించి. నివాస అనుమతి పొడిగించేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్లీ చూపాలి. ఈలోగా పార్ట్‌టైం జీతం దాచుకుంటాడులే అనుకుంటే, అది ఊరిని బట్టి, దొరికే పనిని బట్టి ఉంటుంది. ఆ పని దేన్ని బట్టి దొరుకుతుందో తర్వాత చెప్తాను.

అమెరికా ఎంఎస్ చుట్టూ తెలుగు రాష్ట్రాల్లో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక కన్సల్టెన్సీ, పది యూనివర్సిటీలకు దరఖాస్తులు, ఏ బ్రాంచి చదివినా చివరికి కంప్యూటర్ సైన్సో డేటా సైన్సో. ఈ పద్ధతినే జర్మనీకి తీసుకెళ్లడం మొదటి దెబ్బ. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు డిగ్రీ పేరు ఒక్కటే చూడవు, అందులో ఏ సబ్జెక్టు ఎన్ని క్రెడిట్లు చదివావో విప్పి చూస్తాయి. మెకానికల్ బీటెక్ చేసినవాడికి కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో సీటు దొరకడం దాదాపు అసాధ్యం. గణితం, థియరీ క్రెడిట్లు చాలక సొంత బ్రాంచిలోనే తిరస్కరణకు గురైనవాళ్లూ ఉంటారు. మార్కులను జర్మన్ గ్రేడులోకి మార్చే సూత్రం ఒకటుంది. పది పాయింట్ల స్కేలులో పాస్ గ్రేడు 5 అనుకుంటే, మన 7.5 సీజీపీఏ అక్కడ 2.5 అవుతుంది. వాళ్ల లెక్కలో 1.0 అన్నింటికన్నా మేలు, 4.0 అంటే బొటాబొటీ పాస్. చాలా మంచి కోర్సులు ఆ 2.5 దగ్గరే గీత గీస్తాయి. దీనికితోడు 2022 నవంబరు నుంచి మన సర్టిఫికెట్లను ఢిల్లీలోని ఏపీఎస్ కేంద్రం పరిశీలించి ధ్రువీకరించాకే విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయాలి. దానికి పట్టే సమయం లెక్కలో వేసుకోక సెమిస్టర్ పోగొట్టుకునేవాళ్లున్నారు.

సీటు రాదనిపించినచోట కన్సల్టెన్సీ ప్రైవేటు యూనివర్సిటీ పేరు చెప్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీలు ఏజెంట్లకు కమీషన్ ఇవ్వవు. ప్రైవేటువి చాలావరకు ఇస్తాయి. ఫీజు లేదని బయల్దేరిన పిల్లాడు ఏడాదికి పది వేల యూరోలు కట్టే చోట చేరుతున్నాడంటే, ఆ సలహా ఎవరి లాభం కోసం ఇచ్చారో తల్లిదండ్రులు నిలదీయాలి. అన్ని ప్రైవేటు సంస్థలూ చెడ్డవని నేననను. కానీ జర్మనీ అన్న ఒక్క పేరు చూసి పన్నెండు లక్షలకు పైన ఇంకో పాతిక లక్షలు పెట్టే ముందు ఆ డిగ్రీని అక్కడి కంపెనీలు ఎలా చూస్తాయో కనుక్కోవాలి.

చదువు తీరు కూడా మన అంచనాకు అందదు. మిడ్ ఎగ్జామ్‌లు, ఇంటర్నల్ మార్కులు, అటెండెన్స్ శాతం ఉండవు. క్లాసుకు వెళ్లకపోయినా అడిగేవాళ్లుండరు. సెమిస్టర్ చివర ఒక్క పరీక్ష, దానికి నీ అంతట నువ్వే గడువులోగా రిజిస్టర్ చేసుకోవాలి. చాలా సబ్జెక్టుల్లో గ్రేడు మొత్తం ఆ గంటన్నర, రెండు గంటల్లో తేలిపోతుంది. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా పోతే కోర్సులోంచి తీసేస్తారు. సాధారణంగా అదే కోర్సును దేశంలో ఇంకో యూనివర్సిటీలో చదవనివ్వరు కూడా. వీసా ఆ చదువు మీద ఆధారపడినది కాబట్టి దానికీ ముప్పే. సప్లీలు రాసుకుంటూ గట్టెక్కడం అలవాటైన పిల్లలకు ఈ విషయం విమానం ఎక్కకముందే తెలియాలి. రెండేళ్ల కోర్సు అంటారు గానీ ఇంటర్న్‌షిప్, ఆరు నెలల థీసిస్ కలుపుకొని రెండున్నర, మూడేళ్లు పట్టడం మామూలే. అమెరికాలో ఏడాదిన్నరలో డిగ్రీ చేతికొస్తుంది. అక్కడ డబ్బు కట్టి ఆదా చేసుకునే కాలాన్నే జర్మనీలో ఫీజు బదులు కడుతున్నాం.

అసలు సంగతి భాష.

'కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా, జర్మన్ ఎందుకు?' అని ప్రతి ఇంట్లో అడుగుతారు. కోర్సు ఇంగ్లిష్‌లోనే, ఐఈఎల్‌టీఎస్ స్కోరుంటే సీటు వస్తుంది. కానీ ఇంటి యజమాని ఉత్తరం, మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు, నివాస అనుమతి కాగితం అన్నీ జర్మన్‌లోనే. చిరునామా నమోదు కాకపోతే పన్ను నంబరు రాదు, అది లేకపోతే జీతం సరిగా పడదు. ఇవన్నీ స్నేహితుల సాయంతో ఎలాగో దాటేయొచ్చు. పని దగ్గర మాత్రం దాటలేం. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. భాష రానివాడికి దొరికేది గోడౌన్, డెలివరీ, వంటింటి వెనక గిన్నెలు. భాష వచ్చినవాడికి కంపెనీలో చదువుకుంటూనే వారానికి ఇరవై గంటలు చేసే వెర్క్‌స్టుడెంట్ ఉద్యోగం దొరికే అవకాశం ఉంటుంది. జర్మనీలో చదువు అయ్యాక దొరికే ఉద్యోగం చాలాసార్లు ఈ వెర్క్‌స్టుడెంట్ పనిలోంచే పుడుతుంది. థీసిస్ కూడా ఆ కంపెనీలోనే చేస్తారు, అక్కడే తీసుకుంటారు. అంటే భాష లేనివాడు డిగ్రీ చివర్లో వెనకబడడు, రెండో సెమిస్టర్‌లోనే వెనకబడిపోతాడు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. జర్మనీకి ఇంజినీర్ల కొరత ఉందంటారు కదా? ఉంది. 2024 అక్టోబరులో ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామన్న నిర్ణయం మన ప్రధాని నోటే విన్నాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన పెద్ద తరం అక్కడ రిటైరవుతోంది. అయితే ఆ ఖాళీలు ఎక్కడున్నాయో చూడాలి. చిన్న ఊళ్లలో, రెండు మూడు వందల మంది పనిచేసే కుటుంబ కంపెనీల్లో, వాల్వులు, పంపులు, యంత్ర భాగాలు చేసేచోట ఉన్నాయి. అక్కడ షాప్‌ఫ్లోర్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మాయిస్టర్‌తో, అంటే అనుభవమున్న ఫోర్‌మన్‌తో, ఇంజినీరు మాట్లాడాలి. భద్రతా పత్రాలు, కస్టమర్ ఫోన్లు, మీటింగులు అన్నీ జర్మన్‌లోనే. ఇంగ్లిష్‌తో నెగ్గుకురాగలిగేది బెర్లిన్ స్టార్టప్‌లలో, పెద్ద కార్ల కంపెనీల సాఫ్ట్‌వేర్ బృందాల్లో. మన పిల్లలు గుంపుగా వెళ్లేది ఆ తలుపు దగ్గరికే. ఆ తలుపు ఇప్పుడు ఇరుకైంది. 2024 డిసెంబరులో ఫోక్స్‌వాగెన్ 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునే ఒప్పందం చేసుకుంది. వాహన భాగాలు చేసే జెడ్ఎఫ్ 2028 నాటికి 14 వేల దాకా అంది. 2025 సెప్టెంబరులో బాష్ మరో 13 వేలు ప్రకటించింది. ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్, మెకట్రానిక్స్ కోర్సుల్లో చేరిన మన విద్యార్థుల మీద ఇది నేరుగా పడుతుంది. కొరతా నిజమే, కోతా నిజమే. ఈ రెండింటి మధ్య దారి చూపేది భాషే.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు ఇస్తారు. అమెరికాలోలా లాటరీ ఉండదు. అర్హతకు తగిన ఉద్యోగం, నిర్ణయించిన జీతం ఉంటే విదేశీ నిపుణులకిచ్చే నివాస అనుమతి, బ్లూ కార్డు వస్తుంది. జర్మన్ యూనివర్సిటీలో చదివి, నైపుణ్యానికి తగ్గ ఉద్యోగంలో రెండేళ్లు పనిచేసినవాళ్లకు బీ1 స్థాయి భాష (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు స్థాయిల్లో మూడోది) ఉంటే శాశ్వత నివాసం దొరుకుతుంది. ఐదేళ్లకు పౌరసత్వం కూడా అడగొచ్చు, దానికీ బీ1 కావాలి. గ్రీన్ కార్డు కోసం దశాబ్దాలు ఎదురుచూస్తున్న మన కుటుంబాలతో పోలిస్తే ఇది ఎంతో న్యాయమైన వ్యవస్థ. నేను పిల్లల్ని జర్మనీకి వెళ్లొద్దనడం లేదు. కష్టపడి చదివే మధ్యతరగతి విద్యార్థికి ఇంత నిలకడైన దారి ఇప్పుడు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఆ దారికి టోల్ భాషలో కట్టాలి. అది కట్టకుండా వెళ్తే పద్దెనిమిది నెలలు ఇట్టే అయిపోతాయి.

ఎంత నేర్చుకోవాలి? ఉద్యోగానికి బీ2 దగ్గరికైనా రావాలి. ఏమీ రాని స్థితి నుంచి బీ2 చేరడానికి 45 నిమిషాల పీరియడ్లు 600 నుంచి 800 దాకా పడతాయి. అక్కడికెళ్లి మాస్టర్స్ పరీక్షలు, పార్ట్‌టైం పని మధ్య ఇది పూర్తిచేయడం చాలామందికి సాధ్యం కావడం లేదు. వీసా వచ్చాక హడావుడిగా నెల రోజుల ఏ1 కోర్సు చేసి విమానం ఎక్కడం వల్ల బ్రెడ్డు కొనుక్కోవడం తప్ప ఏమీ రాదు. బీటెక్ రెండో ఏడాదిలో మొదలుపెట్టి వారానికి ఐదు పీరియడ్లు చదివినా, ఏడాదికి ముప్పై వారాల లెక్కన మూడేళ్లకు 450 అవుతాయి. బీ1 చేతికొచ్చేస్తుంది. మిగతాది అక్కడ చుట్టూ వినబడే భాషే పూర్తిచేస్తుంది.

ఇది మన ప్రభుత్వాలకు తెలియనిదేం కాదు. ట్రిపుల్ విన్ కార్యక్రమం కింద జర్మనీకి నర్సులను పంపేటప్పుడు కేరళలో నోర్కా, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ముందు వాళ్లకు భాష నేర్పిస్తాయి. బీ1 వచ్చాకే నర్సు విమానం ఎక్కుతుంది, అక్కడికెళ్లాక బీ2 పూర్తిచేస్తుంది. రోగితో మాట్లాడలేని నర్సును ఎవరూ పంపరు. అదే దేశానికి, అదే హైదరాబాద్ నుంచి, అంతకన్నా ఎక్కువ సంఖ్యలో వెళ్తున్న ఇంజినీరింగ్ విద్యార్థుల దగ్గరికి వచ్చేసరికి భాష వాళ్ల సొంత విషయం అయిపోయింది. కాలేజీ పట్టించుకోదు, కన్సల్టెన్సీ ప్రస్తావించదు, బ్యాంకు లోనిచ్చేటప్పుడు అడగదు.

జేఎన్‌టీయూల అనుబంధ కాలేజీల్లో ఓపెన్ ఎలక్టివ్‌ల జాబితా పెద్దదే. అందులో జర్మన్‌ను మూడేళ్ల పాటు వరుసగా, క్రెడిట్లతో పెట్టడానికి కొత్త భవనాలు అక్కర్లేదు, అర్హత ఉన్న టీచర్లు కావాలి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోతే సెంట్రం ఉంది, విదేశీ భాషలు బోధించే ఇఫ్లూ ఉంది. నర్సుల కోసం టామ్‌కామ్ ఇప్పటికే నడిపిన శిక్షణ అనుభవం ఉంది. జిల్లా కాలేజీలకు ఆ టీచర్లను ఆన్‌లైన్‌లో అందించవచ్చు. విదేశీ విద్యకు ఇరవై లక్షల దాకా సాయం చేస్తున్న తెలంగాణ ప్రభుత్వ పథకాలు, జర్మనీ ఎంచుకున్న విద్యార్థికి భాషా కోర్సు ఖర్చు ముందే ఇస్తే ఆ సాయానికి విలువ పెరుగుతుంది. వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ సవరణల్లోనే యూనివర్సిటీలు ఈ నిర్ణయం తీసుకోవాలి. ఇప్పుడు బీటెక్ మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలకు ఇంకా సమయం ఉంది.