మహారాజశ్రీ మైకుగారి సముఖమునకు

మహారాజశ్రీ మైకుగారికి, కోనసీమ నుంచి మీ శ్రోత నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. అంటే మా ఇంటిమీద రాళ్ళు పడలేదు కాబట్టి క్షేమమే అనుకోవాలి.

మీ మీద నాకు కోపమేం లేదండి. పెళ్ళయినా, పందెమైనా మీరు లేనిదే మా ఊళ్ళో ఏదీ మొదలవదు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో చిన్నప్పుడు నేను తప్పిపోతే, ఎర్రచొక్కా పిల్లాడు ఇక్కడున్నాడహో అని అరిచి మా నాన్నని రప్పించింది మీరే. ఆ విశ్వాసంతోనే అడుగుతున్నాను. అంత పెద్ద గొంతుండి, కోర్టు మెట్ల దగ్గరికొచ్చేసరికి మీకు మాట ఎందుకు పడిపోతుందండీ?

ఆ పంచాయతీ ఎన్నికల లెక్కింపు రోజు గుర్తుండే ఉంటుంది. హైస్కూల్లో ఓట్లు లెక్కపెడుతున్నారు, బయట రోడ్డు మీద ట్రాక్టరు తొట్టిలో మీరు, మీ వెనక మా నాయకుడుగారు. ముందు మిమ్మల్ని రెండు వేళ్ళతో టకటకా కొట్టి, ఉఫ్ అని ఊది (మీ జాలీ మీద ఎర్రగా ఉన్నది కిళ్ళీ మరకే కదండీ, దగ్గరగా చూశాను), గొంతు సవరించుకుని, "మనం ఓడిపోలేదు, మనల్ని ఓడిస్తున్నారు, లోపల మన ఓట్లు దోచేస్తున్నారు, చేతులు ముడుచుకుని చూస్తారో ఏం చేస్తారో మీరే తేల్చుకోండి" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి "అంతా శాంతియుతంగా" అని ఒక్క ముక్క. ఆ ముక్క పూర్తయ్యేసరికి కారు డోరు తీసి ఉంది. కారు వంతెన దాటిందో లేదో మొదటి రాయి పడింది.

మా కుర్రాళ్ళు చెప్పిన మాట వింటారండి. తేల్చుకోమన్నారు కదా, బ్యాలెట్ బాక్సు ఎత్తుకొచ్చి పంట కాలవలో తేల్చారు. అది వెళ్ళి వెళ్ళి లాకుల దగ్గర గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. తెల్లారి కాలవ కాపలా చూసే లస్కరు గెడతో ఒడ్డుకి లాగితే మూత సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, లోపల కాగితాలన్నీ ముద్ద ముద్ద. మా అమ్మ ఓటు కూడా అందులోనే ఉంది. మోకాళ్ళ నొప్పులతో గంటసేపు లైన్లో నిలబడి వేసిన ఓటది.

తర్వాత పోలీసులొచ్చారు. వీడియోల్లో మొహాలు చూసి పేర్లు రాసుకున్నారు. రాయి విసిరిన చెయ్యి, బాక్సు మోసిన చెయ్యి, పక్కన నిలబడి ఫోనులో తీసిన చెయ్యి, అన్ని చేతుల మీదా కేసులే, నోటి మీద మాత్రం లేదు. ఏమంటే, రికార్డింగులో గోల ఎక్కువగా ఉందట, నాయకుడుగారు ఆ టైముకి ఊళ్ళోనే లేరట. మాది లాకుల మీద బతికే ఊరండి. తలుపులెత్తినవాణ్ణి వదిలేసి, చేలో పడ్డ నీళ్ళమీద కేసు పెట్టడం మా తాతల నాడు కూడా ఎరగం.

చట్టం లేదా అంటే బోలెడుంది. ద్వేషం రెచ్చగొట్టే మాటలకి పాత ఐపీసీలో 153ఏ, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 196. శిక్ష పడితే ఎన్నికల్లో పోటీకి కూడా పనికిరారు. కాకపోతే ఆ సెక్షన్ కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వంవారి అనుమతి కావాలి. ఆ కుర్చీలో కూర్చున్నది వాళ్ళే అయితే ఏమవుతుందో మీకు చెప్పేంతవాణ్ణి కాదు. 1987లో బొంబాయి విలేపార్లే ఉపఎన్నికలో మీ ముందు మాట్లాడిన మాటలకి బాల్ ఠాక్రేకి ఆరేళ్ళు ఓటు హక్కే లేకుండా చేశారు, నిజమే, కానీ ఆ ఉత్తర్వు వచ్చింది 1999లో. ఆ పన్నెండేళ్ళలో మేమైతే కొబ్బరి మొక్క నాటి, పెంచి, అయిదేళ్ళు దింపు కూడా తీసుకుంటాం.

అమలాపురం సంగతి నేనెత్తను. 2022 మే 24న మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబడ్డాయి. రెచ్చగొట్టింది ఎవరంటే ప్రతి పార్టీ వేలూ ఎదుటి పార్టీ వైపే. మా అందరికీ ఇంటర్నెట్ కట్ చేశారు గాని, మీ వైరు ఎవరూ పీకలేదు, అదొక్కటే నాకు అర్థం కాలేదు.

మీ అమెరికా బంధువు కథ కూడా విన్నాను లెండి. 2021 జనవరి 6న ట్రంప్‌గారు బులెట్‌ప్రూఫ్ అద్దాల మధ్య నిలబడి, గట్టిగా పోరాడకపోతే ఇక మీకు దేశమే ఉండదన్నారు, మధ్యలో శాంతియుతంగా అని ఓ మాట కూడా పడేశారు. ఆ ముక్క మా నాయకుడుగారు అక్కణ్ణించే ఎత్తుకొచ్చి ఉంటారు. జనం వెళ్ళి పార్లమెంటు అద్దాలు పగలగొట్టారు. అభిశంసన విచారణలో సెనేట్‌లో 57 మంది దోషే అన్నారు, కావాల్సింది 67, కాబట్టి నిర్దోషి. మళ్ళీ గెలిచి, 2025 జనవరి 20న కుర్చీ ఎక్కిన రోజే దాదాపు 1500 మందికి క్షమాభిక్ష పెట్టారు. ఎంత ఘోరమైనా, ఆయన తన కుర్రాళ్ళని విడిపించుకున్నాడండి. మా నాయకుడుగారు వాయిదాకి బస్సు చార్జీ కూడా ఇవ్వలేదు.

బ్రెజిల్‌లో మాత్రం లెక్క మారింది. 2023 జనవరి 8న జనం పార్లమెంటు మీద, సుప్రీంకోర్టు మీద పడినప్పుడు, ఓడిపోయి దిగిపోయిన అధ్యక్షుడు బోల్సొనారో ఊళ్ళోనే లేడు, ఫ్లోరిడాలో ఉన్నాడు. అయినా అక్కడి సుప్రీంకోర్టు కుట్ర మొత్తం తవ్వి, 2025 సెప్టెంబరులో 27 ఏళ్ళ మూడు నెలలు వేసింది. ఊళ్ళో లేరనే మాట అక్కడ చెల్లలేదన్నమాట. ఈ ముక్క మా సెంటర్లో టీ కొట్టు దగ్గర చదివి వినిపిస్తే, ఒకాయన గ్లాసు కింద పెట్టి, "వాళ్ళ దేశంలో కారు డ్రైవర్లు లేరేమో" అన్నారు.

అసలు ఉత్తరం రాసింది ఎందుకంటే, మా మేనల్లుడి గురించి. వాడి చెయ్యి ఫోను పట్టుకున్న చెయ్యి. కువైట్ వీసా వచ్చింది, మెడికల్ అయింది, పోలీస్ క్లియరెన్స్ దగ్గర కేసు అడ్డొచ్చింది. ఏజెంటుకి కట్టిన డబ్బు పోయింది. పనేదీ దొరక్క మైకు సెట్టు షాపులో చేరాడు. అవునండి, తమరి దగ్గరే. ఆదివారం సెంటర్లో మీటింగు, అదే నాయకుడుగారు. మీ వైరు చుట్టేది, స్టాండు బిగించేది, హలో హలో మైక్ టెస్టింగ్ అనేది వీడే. వాడి పదకొండో వాయిదా మర్నాడే.

నాయకుడుగారు గొంతు సవరించుకుని "మీరే తేల్చుకోండి" దగ్గరికి వచ్చేసరికి మీరు కాస్త కుయ్యిమనండి చాలు. సౌండు పెంచే బటను మావాడి చేతిలోనే ఉంటుంది.

ఉంటానండి, ఆయ్.