లేజర్ అంటే ఎక్స్‌రేనే అంటున్న ఆ ఫార్వర్డ్ గురించి

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గ్రూప్, చుట్టాల గ్రూప్, ఎక్కడ చూసినా ఇదే ఫార్వర్డ్: "లేజర్ కొడితే ఆటమ్‌లోంచి ఎలక్ట్రాన్ ఊడిపోతుందని సైంటిస్టులే ల్యాబ్‌లో తేల్చారు, అంటే లేజర్ కూడా ఎక్స్‌రేనే, ఆటమ్ పగిలితే ఏమవుతుందో తెలుసుగా, లాసిక్, హెయిర్ రిమూవల్ చేయించుకుంటే క్యాన్సర్ గ్యారంటీ, ప్రోటాన్ ట్రీట్‌మెంట్ అయితే ఒళ్ళంతా కాలిపోద్ది." ఇది చదివి మా పిన్ని కూతురు లాసిక్ (కళ్ళద్దాలు పోవడానికి చేసే కంటి లేజర్ ఆపరేషన్) వద్దని కూర్చుంది, అందుకే రాస్తున్నా.

ఆటమ్ పగలడం అనేది ఇక్కడ లేనే లేదు. అయనైజేషన్ అంటే బయట తిరిగే ఎలక్ట్రాన్ ఒకటి ఊడటం, న్యూక్లియస్‌ని ఎవరూ ముట్టుకోరు. బాంబుకీ దీనికీ సంబంధం లేదు.

ల్యాబ్‌లో ఊడింది కాబట్టి క్లినిక్‌లో కూడా ఊడుద్ది అన్నది అసలు తప్పు. జెనాన్ అనే గ్యాస్ ఆటమ్ నుంచి ఎలక్ట్రాన్ లాగాలంటే 12.1 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (ఇంత చిన్న ఎనర్జీలు కొలిచే యూనిట్) ఎనర్జీ కావాలి, ల్యాబుల్లో మామూలుగా వాడే 800 నానోమీటర్ల లేజర్‌లో ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) దగ్గర ఉండేది 1.55 మాత్రమే, అంటే ఎనిమిది ఫోటాన్లు ఒకేసారి ఒకే ఆటమ్‌కి తగలాలి. అందుకే వాక్యూమ్ చాంబర్‌లో సన్నటి గ్యాస్ జెట్ వదిలి, ఫెమ్టోసెకండ్ పల్స్‌ని, అంటే సెకండులో ఊహకందనంత చిన్న వంతు మాత్రమే ఉండే లేజర్ మెరుపుని, వెంట్రుక కన్నా సన్నగా ఫోకస్ చేసి, చదరపు సెంటీమీటర్‌కి పది లక్షల కోట్ల వాట్లు, ఇంకా పైన, పడేలా చేస్తారు. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆటమ్, అంటే అయాన్, డిటెక్టర్‌కి ఎంతసేపటికి చేరిందో కొలిచి ఒక ఎలక్ట్రాన్ పోయిందా రెండు పోయాయా చెప్తారు, రెండు పోయిన అయాన్ ముందే వచ్చేస్తుంది. ఆ తీవ్రతని సగం చేస్తే, ఎనిమిది ఫోటాన్ల లెక్కలో అయనైజేషన్ 256 రెట్లు పడిపోద్ది! హెయిర్ రిమూవల్ లేజర్ పల్స్ మిల్లీసెకండ్లలో ఉంటుంది, తీవ్రత చదరపు సెంటీమీటర్‌కి వెయ్యి వాట్ల ప్రాంతం, అంటే వెయ్యి కోట్ల రెట్లు తక్కువ. అక్కడ జరిగేది వెంట్రుక కుదురు వేడెక్కడమే, సరిగ్గా చేయకపోతే చర్మం కాలొచ్చు, అది వేరే సంగతి.

లాసిక్‌లో మాత్రం కొంత నిజం ఉంది, దాచను. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పైన ఫ్లాప్, అంటే మూతలాంటి పల్చటి పొర, కోసే ఫెమ్టోసెకండ్ లేజర్ నిజంగానే ఫోకస్ దగ్గర అయనైజ్ చేసి చిన్న ప్లాస్మా (ఊడిన ఎలక్ట్రాన్లు, అయాన్లు కలిసిన వేడి ముద్ద) పుట్టిస్తుంది, దాంతో ఏర్పడే బుడగలే కణజాలాన్ని విడదీస్తాయి. కానీ ఒక్కో పల్స్‌లో ఎనర్జీ మైక్రోజౌల్ ప్రాంతమే, అదీ కొన్ని మైక్రాన్ల చోటులోనే, ఎక్స్‌రేలా ఒంట్లోంచి దూసుకుపోయేది కాదు. కార్నియా షేప్ మార్చే 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ ఫోటాన్‌కి 6.4 ఎలక్ట్రాన్ వోల్ట్‌లే, మాలిక్యూల్ బాండ్లు తెంచుతుంది, నీటి మాలిక్యూల్ నుంచి ఎలక్ట్రాన్ లాగడానికైతే 12.6 కావాలి. చెల్లి డాక్టర్‌ని అడగాల్సింది కార్నియా మందం గురించి, తర్వాత కళ్ళు పొడిబారడం గురించి.

ఇక ప్రోటాన్ ట్రీట్‌మెంట్, అంటే క్యాన్సర్ ట్యూమర్ మీదకి వేగంగా పోయే ప్రోటాన్లని పంపడం. ప్రోటాన్ అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్ ఆటమ్, అదీ ఒక అయానే. వేగంగా పోయే అయాన్ చాలాసార్లు ఆటమ్‌ని ఢీకొట్టదు, పక్కనుంచి పోతూ తన ఎలక్ట్రిక్ ఫీల్డ్‌తోనే ఎలక్ట్రాన్‌ని లాగేస్తుంది. వేగం తగ్గేకొద్దీ ఒక్కో ఆటమ్ దగ్గర ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అయనైజేషన్ పెరిగి, ఆగిపోయే ముందు పీక్‌కి వెళ్తుంది, ఆల్ఫా కణాల్లో (ఇవి హీలియం అయాన్లు) దీన్ని ఫిజిక్స్ సైంటిస్టు బ్రాగ్ 1904లోనే చూశాడు. దారిలో కొంత డోస్ పడుతుంది, నిజమే, కానీ పెద్ద దెబ్బ ట్యూమర్ దగ్గర పడేలా ఎనర్జీ సెట్ చేస్తారు, దాన్ని దాటాక దాదాపు ఏమీ ఉండదు. 1946లో ఫిజిక్స్ సైంటిస్టు రాబర్ట్ విల్సన్ ఈ వైద్యాన్ని ప్రతిపాదించింది ఈ గుణం చూసే, చెన్నైలో 2019 నుంచి ఇస్తున్నారు కూడా.